కబురు రాకపోవడమూ కబురే

తెలుగు వికీపీడియాలో చురుగ్గా రాసేవాళ్లకు వీక్షణ జాబితా తెరవడమంటే పొద్దున్నే పేపరు తిరగేయడం లాంటిది. తాము కన్నేసి ఉంచిన వ్యాసాల్లో ఎవరు ఏం మార్చారో అక్కడ వరుసగా కనిపిస్తుంది. ఎప్పుడో ఒకసారి ఆ జాబితా నెత్తిన ఒక హెచ్చరిక కూడా ప్రత్యక్షమవుతుంది: గడిచిన ఇన్ని సెకన్లలో జరిగిన మార్పులు ఇందులో ఉండకపోవచ్చు అని. చాలామంది దాన్ని చదవకుండానే కిందికి దిగిపోతారు. మామూలు పాఠకుడి కళ్లెదుట ఒక డేటాబేస్ తన ఇంటిగుట్టును ఇలా బయటపెట్టుకోవడం అరుదు. మీరు చూస్తున్నది అసలు కాదు, నకలు. ఆ నకలు కాస్త వెనకబడింది అని అది చెప్పుకుంటోంది.

పెద్ద సైట్లలో దాదాపు అన్నిచోట్లా ఇదే ఏర్పాటు. రాతలన్నీ ఒక సర్వరులోకి వెళతాయి, దాన్ని ప్రైమరీ అంటారు. చదివే పనిలో చాలా భాగాన్ని దాని నకళ్లు, అంటే రెప్లికాలు, మోస్తాయి. నెలాఖరు రిపోర్టుల్లాంటి బరువైన క్వెరీలను కూడా వాటి మీదికే తోస్తారు. ప్రైమరీ పడిపోతే ఒక రెప్లికాను తెచ్చి ఆ పీట మీద కూర్చోబెడతారు, దీన్ని ఫెయిలోవర్ అంటారు. నకలు అసలు వెంట నడుస్తోందన్న నమ్మకం మీదే ఇదంతా నిలబడి ఉంది.

ఆ నమ్మకం నిజమో కాదో చూసుకోవడం డేటాబేసులను నడిపే డీబీఏల నిత్యకృత్యం. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోకి రెప్లికేషన్, అంటే ఈ నకలు నడిపే ఏర్పాటు, 3.23 వెర్షన్ల కాలంలో, 2000లో వచ్చింది. పోస్ట్‌గ్రెస్‌లో స్ట్రీమింగ్ రెప్లికేషన్ 2010 నాటి 9.0తో వచ్చింది. ఇన్నేళ్లయినా 'నకలు బాగుందా?' అన్న ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబిచ్చే సాధనం లేదు. ఉన్న సాధనాల్లో ప్రతిదీ కొంత చెబుతుంది, కొన్నిచోట్ల నోరు మెదపదు. చిక్కంతా ఆ మెదపని చోట్లలోనే ఉంది.

ముందు దారి ఎలా ఉంటుందో చూడాలి. ప్రైమరీ తాను చేసే ప్రతి మార్పునూ ఒక లాగ్‌లో రాసుకుంటుంది. మైఎస్‌క్యూఎల్‌లో అది బైనరీ లాగ్, పోస్ట్‌గ్రెస్‌లో వాల్, ఒరాకిల్‌లో రీడూ. ఆ లాగ్ నెట్‌వర్క్ మీదుగా రెప్లికాకు చేరుతుంది, రెప్లికా దాన్ని తన డేటా మీద అమలు చేస్తుంది. అంటే సరుకు పేరుకుపోయే చోట్లు రెండు. పంపాల్సిన లాగ్ ప్రైమరీ దగ్గరే ఆగిపోవచ్చు, లేదా చేరిన లాగ్ రెప్లికా దగ్గర అమలు కాకుండా పడి ఉండొచ్చు. పైకి రెండూ 'ల్యాగ్' అనే ఒక్క మాటలో కలిసిపోతాయి కానీ వాటి వల్ల వచ్చే నష్టాలు వేరు. ప్రైమరీ కాలిపోతే, అక్కడి నుంచి కదలని లాగ్ దానితోపాటే బూడిదవుతుంది. అది డేటా నష్టం. చేరి కూడా అమలు కానిది ఎక్కడికీ పోదు, కాకపోతే అదంతా పూర్తయ్యేదాకా కొత్త ప్రైమరీ సిద్ధం కాదు. అది సమయ నష్టం. ఒరాకిల్ డేటా గార్డ్ ఈ రెంటినీ ట్రాన్స్‌పోర్ట్ ల్యాగ్, అప్లై ల్యాగ్ అని విడివిడిగా చూపిస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012తో వచ్చిన అవైలబిలిటీ గ్రూపుల్లోనూ పంపే క్యూ ఎంత, అమలు క్యూ ఎంత అని కిలోబైట్లలో వేరువేరు లెక్కలుంటాయి.

మైఎస్‌క్యూఎల్ దగ్గరకొచ్చేసరికి కథ మారుతుంది.

టెర్మినల్లో 'షో రెప్లికా స్టేటస్' అని కొట్టి, చివర సెమికోలన్ బదులు బ్యాక్‌స్లాష్, పెద్ద జీ పెడితే యాభైకి పైగా వరుసలు నిలువుగా జారుతాయి. డీబీఏ కళ్లు వాలేది మూడింటి మీదే. రెప్లికా ఐఓ రన్నింగ్: యెస్. రెప్లికా ఎస్‌క్యూఎల్ రన్నింగ్: యెస్. సెకండ్స్ బిహైండ్ సోర్స్: 0. మొదటిది లాగ్ తెచ్చుకునే థ్రెడ్, రెండోది అమలు చేసే థ్రెడ్. పాతకాపులకు ఇది 'షో స్లేవ్ స్టేటస్'గా అలవాటు. 2020లో 8.0.22 నుంచి కొత్త పేరు వచ్చింది, 2024 నాటి 8.4లో పాత కమాండ్‌నే తీసేశారు. పేరు మారినా కొలత మాత్రం పాతదే.

ఆ మూడో వరుస కొలిచేది ప్రైమరీకి, రెప్లికాకు మధ్య దూరాన్ని కాదు. ఎస్‌క్యూఎల్ థ్రెడ్ ఇప్పుడు అమలు చేస్తున్న మార్పు ప్రైమరీలో ఎప్పటిది అన్నదాన్నే అది చూస్తుంది. నెట్‌వర్క్ నత్తనడక నడుస్తుంటే ఐఓ థ్రెడ్ చుక్కచుక్కగా తెస్తుంది, ఎస్‌క్యూఎల్ థ్రెడ్ ఆ చుక్కను వెంటనే తాగేసి ఖాళీగా కూర్చుంటుంది. తెర మీద సున్నా. ప్రైమరీలో అప్పటికి ఎన్ని వేల మార్పులు పోగుపడ్డాయో ఆ సున్నాకు తెలియదు. మైఎస్‌క్యూఎల్ మాన్యువల్ కూడా ఈ సంగతిని దాచుకోదు. నెట్‌వర్క్ వేగంగా ఉంటేనే ఈ అంకె పనికొస్తుందని అందులోనే ఉంది.

ఇంతకన్నా ఇబ్బందికరమైన సందర్భం ఇంకొకటి ఉంది. దారిలో ఏ ఫైర్‌వాలో కనెక్షన్‌ను చెప్పాపెట్టకుండా తెంపేసిందనుకుందాం. రెప్లికాకు ఆ సంగతి వెంటనే తెలియదు. అటునుంచి ఏమీ రావడం లేదంటే అక్కడ పనేమీ లేదేమో అనుకుని ఎదురుచూస్తూ ఉంటుంది. ఎంతసేపు? 5.7.7కు ముందు వెర్షన్లలో డిఫాల్టు గడువు 3600 సెకన్లు. గంటసేపు తెర మీద రెండు యెస్‌లు, ఒక సున్నా. ఆ తర్వాతి వెర్షన్లలో గడువును 60 సెకన్లకు తగ్గించారు. అయినా నియమం మారలేదు: కబురు రాకపోవడాన్ని సర్వరు కాసేపు క్షేమంగానే లెక్కేసుకుంటుంది.

కృష్ణా డెల్టాలో కాలువ చివరి భూముల రైతుకు ఈ తరహా లెక్కలు కొత్త కాదు. గేట్లు ఎత్తాం, ఇన్ని క్యూసెక్కులు వదిలాం అని పైనుంచి చెబుతారు. ఆ రైతు చూసేది తన చేను పక్క బోదెలోకి నీళ్లొచ్చాయా లేదా అన్నదే. డేటాబేస్ లోకంలో ఈ చూపుకు హార్ట్‌బీట్ అని పేరు. ప్రైమరీలో ఒక చిన్న టేబుల్, అందులో ఒక వరుస. ఒక ప్రోగ్రాము సెకనుకోసారి ఆ వరుసలో అప్పటి టైమును దిద్దుతూ ఉంటుంది. ఆ మార్పు కూడా మిగతా మార్పులతోపాటు లాగ్‌లో పడి, నెట్‌వర్క్ దాటి, రెప్లికాలో అమలవుతుంది. రెప్లికాలో ఆ వరుస చదివి, గడియారంలోంచి తీసేస్తే వచ్చేదే అసలైన వెనుకబాటు. ఐఓ థ్రెడ్ ఆగినా, ఎస్‌క్యూఎల్ థ్రెడ్ ఆగినా, తీగ తెగినా ఆ అంకె పెరుగుతూనే పోతుంది. మాట్‌కిట్ అనే సాధనాల సంచిలో పుట్టి తర్వాత పెర్కోనా టూల్‌కిట్‌లో చేరిన పీటీ హార్ట్‌బీట్ చేసేది ఇదే. గిట్‌హబ్‌లో ఈ టైము గుర్తును 100 మిల్లీసెకన్లకొకటి చొప్పున వేసేవారు.

ఈ పద్ధతికీ షరతులున్నాయి. సర్వర్ల గడియారాలు ఎన్‌టీపీతో సరిపోలి ఉండాలి, లేకపోతే కొలతలో ఆ తేడా కూడా కలుస్తుంది. గుర్తు వేసే ప్రోగ్రామే ఆగిపోతే రెప్లికాలన్నీ ఒక్కసారిగా వెనకబడ్డట్టు కనిపిస్తాయి. అది తప్పుడు అలారమే. అయితే ఈ తప్పు అరుస్తుంది, దాక్కోదు. స్టేటస్ తెర మీది సున్నాకు లేని గుణం అది.

వికీపీడియాను నడిపే వికీమీడియా సర్వర్లు మరియాడీబీ మీద నడుస్తాయి, ల్యాగ్ కొలవడానికి అక్కడా హార్ట్‌బీట్ టేబులే ఆధారం. పరిశోధకులకు, సాధనాలు రాసే వాలంటీర్లకు వికీ డేటాబేసుల నకళ్లు విడిగా అందుబాటులో ఉంటాయి. ఆ నకళ్లలో హార్ట్‌బీట్ టేబుల్ కూడా తెరిచే ఉంటుంది. తెలుగు వికీలో మొలక వ్యాసాల లెక్క తీయడానికి క్వెరీ రాసే వాలంటీరు ముందు ఒక్క వరుస చదువుకుంటే తన లెక్క ఎంత తాజాదో తెలిసిపోతుంది. దీన్ని వాళ్లు పొట్టిగా 'రెప్‌ల్యాగ్' అంటారు.

పోస్ట్‌గ్రెస్‌లో కొలత తీరు వేరు. అక్కడ వాల్‌లోని ప్రతి స్థానానికీ ఎల్‌ఎస్‌ఎన్ అనే చిరునామా ఉంటుంది. ప్రైమరీ ఎక్కడిదాకా రాసింది, స్టాండ్‌బై (అక్కడ రెప్లికాకు ఆ పేరు) ఎక్కడిదాకా అమలు చేసింది అని రెండు చిరునామాలు తీసి తేడా కడితే వెనుకబాటు బైట్లలో వస్తుంది. 2011 నాటి 9.1 నుంచి పీజీ స్టాట్ రెప్లికేషన్ అనే వ్యూలో ఈ వివరాలు దొరుకుతున్నాయి. బైట్ల లెక్కలో తికమక లేదు, కానీ మేనేజరుకు 16 ఎంబీ వెనకబడ్డామంటే ఏం అర్థమవుతుంది? అందుకని సమయం లెక్క కావాలి. స్టాండ్‌బైలో ఆఖరున అమలైన ట్రాన్సాక్షన్ టైమును గడియారంలోంచి తీసేయడం చాలాకాలం వాడుకలో ఉన్న కిటుకు. బ్యాంకు సెలవురోజు అర్ధరాత్రి ప్రైమరీలో ఒక్క రాతా జరగకపోతే ఈ లెక్క ప్రకారం స్టాండ్‌బై గంటల కొద్దీ వెనకబడ్డట్టు కనిపిస్తుంది, నిజానికి రెండూ సమానంగానే ఉంటాయి. మైఎస్‌క్యూఎల్ సున్నా చెప్పి మోసం చేస్తే ఇది పెద్ద అంకె చెప్పి బెదరగొడుతుంది. 2017లో వచ్చిన వెర్షన్ 10 ఆ వ్యూలోకే రైట్ ల్యాగ్, ఫ్లష్ ల్యాగ్, రీప్లే ల్యాగ్ అనే మూడు కాలమ్‌లు చేర్చింది. దానితో సరుకు నెట్‌వర్క్ దగ్గర ఆగిందా, డిస్క్ దగ్గరా, అమలు దగ్గరా అన్నది విడివిడిగా తెలుస్తోంది.

ఈ వ్యూలో ఒక గొయ్యి ఉంది. స్టాండ్‌బై కనెక్షన్ తెగిపోతే దాని వరుసే మాయమవుతుంది. ల్యాగ్ 300 సెకన్లు దాటితే అలర్ట్ పంపు అని నియమం రాసుకున్నవాళ్లకు అప్పుడు ఏ అలర్టూ రాదు. వరుసే లేనప్పుడు 300 దాటేదేది? మైఎస్‌క్యూఎల్‌లోనూ ఇదే కథ. ఎస్‌క్యూఎల్ థ్రెడ్ ఎర్రర్ కొట్టి ఆగిపోతే సెకండ్స్ బిహైండ్ సోర్స్ నల్, అంటే విలువే లేనిది, అవుతుంది. నల్ 300 కన్నా పెద్దదా అని అడిగితే అవుననే జవాబు రాదు. రెప్లికేషన్ కుంటుతున్నప్పుడు మోగే గంట, అది కూలిపోయాక మోగదన్నమాట. ప్రొమీథియస్ అనే సాధనంతో నిఘా పెట్టేవాళ్లు 'ఆబ్సెంట్' ఫంక్షన్‌తో వేరే నియమం రాసుకునేది, ఉండాల్సిన రెప్లికాల సంఖ్యను పట్టుకుని లెక్క తగ్గితే అరవమని చెప్పేది ఇందుకే.

నకలు పడిపోతే అసలుకే ముప్పు తెచ్చే సందర్భమూ పోస్ట్‌గ్రెస్‌లో ఉంది. స్టాండ్‌బై తిరిగొచ్చేదాకా దానికి కావాల్సిన వాల్‌ను పారేయకుండా దాచమని ప్రైమరీకి చెప్పే రెప్లికేషన్ స్లాట్ 2014లో 9.4తో వచ్చింది. మంచి సదుపాయమే. కానీ ఎప్పుడో తీసేసిన స్టాండ్‌బై పేరుతో ఒక స్లాట్ మిగిలిపోతే, ఇక రాని అతిథి కోసం విస్తరి వేసి కూర్చున్నట్టు ప్రైమరీ వాల్‌ను దాస్తూనే ఉంటుంది. డిస్క్ నిండిపోతుంది, ప్రైమరీ ఆగిపోతుంది. దీనికి హద్దు పెట్టే సెట్టింగు 2020 నాటి వెర్షన్ 13తో వచ్చింది కానీ డిఫాల్టుగా హద్దు లేనట్టే ఉంటుంది. అందుకే రెప్లికేషన్ నిఘాలో స్టాండ్‌బైతోపాటు ప్రైమరీ మీది స్లాట్లను, అవి పట్టి ఉంచిన వాల్ పరిమాణాన్ని కూడా చూడాలి.

ఈ మౌనం ఎంత దూరం తీసుకెళ్తుందో గిట్‌ల్యాబ్ 2017 జనవరి 31 రాత్రి చూసింది. ఆ సంస్థ తన వైఫల్యాన్ని అరమరికలు లేకుండా బయటపెట్టింది కాబట్టి వివరాలన్నీ తెలిశాయి. స్పామ్ దాడితో డేటాబేస్ మీద బరువు పెరిగింది. పోస్ట్‌గ్రెస్ స్టాండ్‌బై వెనకబడింది. దానికి కావాల్సిన వాల్‌ను ప్రైమరీ అప్పటికే పారేయడంతో రెప్లికేషన్ ఆగిపోయింది. స్టాండ్‌బైని మొదటి నుంచి మళ్లీ కట్టడానికి ఇంజనీర్లు పీజీ బేస్‌బ్యాకప్ నడిపారు. అది ఏ మాటా చెప్పకుండా నిలబడిపోయింది. ప్రైమరీ డేటా పంపడం మొదలుపెట్టేదాకా అలా మౌనంగా ఎదురుచూడటం దాని మామూలు స్వభావమేనని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం పాత ఫైళ్లేవో అడ్డొస్తున్నాయనిపించింది. ఒక ఇంజనీరు స్టాండ్‌బై డేటా డైరెక్టరీని తుడిచేయబోయి ప్రైమరీలో కమాండ్ కొట్టారు. ఒకటి రెండు సెకన్లలో పొరపాటు తెలిసి ఆపేసరికి 300 జీబీలో 4.5 జీబీ మాత్రమే మిగిలింది.

బ్యాకప్‌ల దగ్గరికి పరిగెత్తితే అక్కడా నిశ్శబ్దమే. రోజువారీ పీజీ డంప్, 9.6 సర్వరు మీద 9.2 వెర్షన్‌తో నడిచి రోజూ ఫెయిలవుతోంది. ఫెయిలైందని మెయిళ్లు వెళుతున్నాయి కానీ వాటికి డీమార్క్ అమర్చకపోవడంతో అవి తిరస్కరణకు గురవుతున్నాయి. మెయిల్ రావడం లేదు కాబట్టి అంతా బాగుందని అందరూ అనుకున్నారు. చివరికి ఆరు గంటల ముందు తీసిన ఒక ఎల్‌వీఎం స్నాప్‌షాట్ గట్టెక్కించింది. డేటా తిరిగి తెచ్చే పనిని యూట్యూబ్‌లో లైవ్‌లో చూపించారు. ఆ ఆరు గంటల్లో చేరిన సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 కామెంట్లు, 700 కొత్త ఖాతాలు పోయాయి.

నిఘా బలంగా ఉన్నచోట అంతా సవ్యంగా జరుగుతుందా అంటే గిట్‌హబ్ అనుభవం చూడాలి. 2018 అక్టోబరు 21న, పాడవుతున్న 100జీ ఆప్టికల్ పరికరం మార్చే పనిలో అమెరికా తూర్పు తీరంలోని నెట్‌వర్క్ కేంద్రానికి, ప్రధాన డేటా సెంటరుకు మధ్య లింకు 43 సెకన్లు తెగింది. ఫెయిలోవర్ చూసుకునే ఆర్కెస్ట్రేటర్ అనే సాఫ్ట్‌వేర్ తన నియమాల ప్రకారమే నడుచుకుని మైఎస్‌క్యూఎల్ ప్రైమరీలను పశ్చిమ తీరానికి మార్చింది. తూర్పున అప్పటికే రాసిన కొన్ని రాతలు పడమటికి చేరలేదు. బాగా రద్దీగా ఉండే ఒక క్లస్టర్‌లో వాటి లెక్క 954. అటు పడమటి సర్వర్లు కొత్త రాతలు తీసుకోవడం మొదలుపెట్టాయి. రెండు వైపులా రెండో వైపున లేని డేటా ఉంది, ఎవరిది అసలో చెప్పలేని స్థితి. డేటాను కాపాడటానికి సంస్థ వేగాన్ని వదులుకుంది. సేవలు పూర్తిగా కుదుటపడటానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది.

ఆ కథలో నిఘా పెట్టేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన చిన్న వివరం ఒకటుంది. రెప్లికాలు ఎప్పటికి అందుకుంటాయో ఇంజనీర్లు అంచనా కట్టారు. ల్యాగ్ గీత నిటారుగా దిగుతున్నట్టు కనిపించింది కాబట్టి అలాగే దిగుతుందనుకున్నారు. ఈలోగా యూరప్, అమెరికా ఉదయపు పనివేళలు వచ్చాయి, ప్రైమరీ మీద రాతలు పెరిగాయి. గీత దిగేకొద్దీ చదునై, చివరి మెట్లు అనుకున్నదానికన్నా చాలా ఆలస్యమయ్యాయి. పరిగెత్తే బస్సును అందుకోవడం, ఆగి ఉన్న బస్సును అందుకోవడం ఒకటి కాదు కదా.

ఇంతదాకా చెప్పుకున్నదంతా వేగం గురించే. నకలు వేగంగా ఉండీ తప్పుగా ఉంటే? మైఎస్‌క్యూఎల్ రెప్లికాలో 1062 ఎర్రర్ వస్తే ఉన్న వరుసే మళ్లీ వచ్చిందని, 1032 వస్తే మార్చాల్సిన వరుసే లేదని అర్థం. రెండూ అసలుకు, నకలుకు పొత్తు చెడిందని చెప్పే కబుర్లే. రాత్రి రెండింటికి ఫోనుకు లేచిన డీబీఏకు మాత్రం స్కిప్ కౌంటర్ 1 అని పెట్టి మళ్లీ స్టార్ట్ చేయడం సుళువు. రెండు యెస్‌లు, ఒక సున్నా తిరిగొస్తాయి, తేడా లోపలే ఉండిపోతుంది. దాన్ని పట్టేది పీటీ టేబుల్ చెక్‌సమ్ లాంటి సాధనం. టేబుల్‌ను ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ చెక్‌సమ్ కట్టే క్వెరీని రెప్లికేషన్ దారిలోనే పంపి రెండు చోట్లా వచ్చిన జవాబులను పోలుస్తుంది. పోస్ట్‌గ్రెస్ స్టాండ్‌బై బ్లాకుకు బ్లాకు నకలు కాబట్టి అక్కడ ఈ బెడద తక్కువ. కానీ 2018లో వచ్చిన లినక్సు లైబ్రరీ గ్లిబ్‌సీ 2.28 అక్షర క్రమం నియమాలను మార్చింది. ప్రైమరీ పాత లినక్సు మీద, స్టాండ్‌బై కొత్త లినక్సు మీద ఉంటే ఒకే ఇండెక్స్ రెండు చోట్లా రెండు జవాబులివ్వగలదు. ల్యాగ్ మాత్రం సున్నాయే.

కొలిచిన ల్యాగ్‌తో మనిషిని నిద్రలేపడం ఒక్కటే చేయాలని లేదు, ప్రోగ్రాములకూ చెప్పొచ్చు. గిట్‌హబ్ రాసిన ఫ్రెనో అనే సర్వీసును పెద్ద మార్పులు చేసే జాబులు ముందుగా అడుగుతాయి. రెప్లికాలు వెనకబడి ఉంటే ఆగమంటుంది. వికీపీడియాలో బాట్లు నడిపేవాళ్లకు మ్యాక్స్‌ల్యాగ్ తెలిసిందే. ల్యాగ్ 5 సెకన్లు దాటి ఉంటే నా పని చేయొద్దు అని బాట్ ముందే చెప్పుకుంటుంది, సర్వరు ఎర్రర్ పంపి కాసేపాగి రమ్మంటుంది. పైవికీబాట్‌లో ఆ 5 డిఫాల్టుగానే ఉంటుంది. వందల వ్యాసాల్లో వర్గాలు సరిదిద్దే తెలుగు బాట్ ఉన్నట్టుండి నెమ్మదించిందంటే అది మొరాయించినట్టు కాదు, ఎక్కడో ఒక నకలు ఊపిరి పీల్చుకుంటున్నట్టు.

హద్దు ఎంత పెట్టాలన్న దానికి అందరికీ సరిపోయే జవాబు లేదు. రిపోర్టుల రెప్లికాకు పది నిమిషాలు పట్టింపు కాదు, ఫెయిలోవర్‌కు ఉంచినదానికి పది సెకన్లు కూడా ఎక్కువ కావచ్చు. పొరపాటున టేబుల్ డ్రాప్ చేస్తే వెనక్కి తెచ్చుకోవడానికి కావాలనే గంటల కొద్దీ వెనక నడిపే రెప్లికాలూ ఉంటాయి. రోజూ రాత్రి బ్యాచ్ జాబుల వేళ మోగి ఉదయానికి తనే సద్దుమణిగే అలర్ట్‌ను రెండు వారాల్లో ఎవరూ పట్టించుకోరు. అందుకే అనుభవజ్ఞులు ల్యాగ్ హద్దులను కాస్త వదులుగానే పెట్టినా, ఉండాల్సిన కొలత రాకుండా పోయిందన్న అలర్ట్‌ను మాత్రం బిగించి పెడతారు.

దాన్ని పరీక్షించడానికి ఒక పగటిపూట చాలు. అక్కర్లేని రెప్లికా ఒకదానిలో 'స్టాప్ రెప్లికా' కొట్టి ఫోను ఎన్ని నిమిషాల్లో మోగుతుందో చూస్తారు. మళ్లీ నడిపించి, ఈసారి హార్ట్‌బీట్ వేసే ప్రోగ్రామును ఆపుతారు. మూడోసారి డేటాబేస్ జోలికి పోకుండా, కొలతలు సేకరించే ఎక్స్‌పోర్టర్‌నే చంపేస్తారు. డ్యాష్‌బోర్డు మీద గీత పెరగదు, తరగదు, అక్కడికక్కడే ఆగిపోతుంది. బల్ల మీది ఫోను వంక చూస్తూ డీబీఏ టీ తాగుతుంటారు. కప్పు ఖాళీ అయినా ఫోను మోగకపోతే, ఆ మధ్యాహ్నం చేయాల్సిన పని దొరికినట్టే.